దాచిన డిస్కు



కిందటి నెల ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, సెలవులొస్తే చాలు, మా పిల్లలు పొద్దస్తమానం టామ్ అండ్ జెర్రీ చూస్తూ కూర్చుంటున్నారు. విశ్వాసుల ఇంట్లో అవి చూడనివ్వవచ్చునా?" అని అడిగింది. పాస్టరు గనుక వెంటనే "వద్దమ్మా" అంటామని ఆమె అనుకొని ఉంటుంది. మేము అలా అనలేకపోయాము. ఎందుకంటే మా ఇంటి బీరువాలోనే ఆ పిల్లీ ఎలుకల డిస్కులు మూడు పెట్టెలు ఉన్నాయి. వాటి మూలంగా మా ఇంట్లో జరిగిన సంగతి కూడా ఒకటి ఉంది. ఆ తల్లికి చెప్పినదే ఈ నెల మీకూ చెబుతున్నాము.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చేనాటికి మేము పదో తరగతి దాటుతున్నాము. మా ఇంట్లో టీవీ లేదు. కేబుల్ ఉన్న పక్కింటివారి గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళము. సాయంత్రం దాటాక అదే చానెల్‌లో పాత ఇంగ్లీషు సినిమాలు మొదలయ్యేవి, మేము ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళము. టామ్ అండ్ జెర్రీలో మాటలు తక్కువ గనుక ఇంగ్లీషు రాదన్న బెంగ ఉండేది కాదు. ఆ బొమ్మలు మా తండ్రిగారికంటే పాతవని మాత్రం అప్పుడు మాకు తెలియదు.

విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు అమెరికాలోని ఎం.జి.ఎం. స్టూడియోలో 1940లో మొదటి బొమ్మ తీశారు. అందులో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. 1958 వరకు వారిద్దరూ తీసినవి 114. తరువాత ఇతరులు తీసినవి కూడా కలిపితే 1967 నాటికి మొత్తం 161 అయ్యాయి. ఏడు బొమ్మలకు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. ఒక్కొక్కటి ఏడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఏడు నిమిషాలకు పదివేలకు పైగా ఫ్రేములు. ఈ బొమ్మలను చేత్తో గీసి, చేత్తో రంగులు వేశారు. ఎలుక మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ సరిపడే సంగీతం రాసినవాడు స్కాట్ బ్రాడ్లీ.

అసలు ఇవి పిల్లల కోసమని తీసినవి కావు. సినిమాహాల్లో పెద్ద సినిమాకు ముందు, వార్తల రీలు పక్కన, అందరికోసమూ వేసేవారు. ఆ వారం చూసినవాడికి అది మళ్ళీ ఎప్పుడు కనబడుతుందో తెలియదు. 1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. పాత బొమ్మలు టీవీకి వెళ్ళాయి. 1986లో టెడ్ టర్నర్ అనే ఆయన ఎం.జి.ఎం. పాత సినిమాల భాండాగారాన్ని కొన్నాడు. 1992లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ పెట్టాడు. మూడేళ్ళకు ఆ బొమ్మలు మా పక్కింటి టీవీలోకి వచ్చాయి.

అమెరికాలో ఈ బొమ్మలను కూడబెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. మనవాళ్ళు పాత పాటల గ్రామఫోను రికార్డులు దాచుకున్నట్టే వాళ్ళు వీటిని దాచుకుంటారు. ఇంట్లో వీడియో లేని కాలంలో 16 ఎం.ఎం. రీళ్ళు కొని, ప్రొజెక్టరు పెట్టి గోడమీద వేసుకునేవారు. 1977లో వి.హెచ్.ఎస్. క్యాసెట్ అమెరికాకు వచ్చింది. టీవీలో వచ్చేదాన్ని జనం ఇంట్లో రికార్డు చేసుకుంటే తమ వ్యాపారం పోతుందని యూనివర్సల్, డిస్నీ కంపెనీలు అప్పటికే సోనీ మీద దావా వేశాయి. 1984లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి, ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని తీర్పు చెప్పింది. తరువాత ఆ కంపెనీలే క్యాసెట్లు అమ్మి బాగా సంపాదించాయి. ఆపైన భోజనం పళ్ళెమంత లేజర్‌డిస్కులు, డివిడిలు, బ్లూరేలు వచ్చాయి. అదే బొమ్మను నాలుగు రకాలుగా నాలుగుసార్లు కొన్నవారున్నారు.

ఇంత ఆరాటం ఎందుకని మేమూ అనుకున్నాము. కారణం లేకపోలేదు. సుమారు 1951 వరకు సినిమా ఫిల్ములను నైట్రేట్ అనే పదార్థంతో చేసేవారు. అది సులువుగా అంటుకుంటుంది, అంటుకుంటే ఆరదు. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ ఫిల్ముల గోదాము కాలిపోయి, ఎన్నో మూకీ చిత్రాలు మళ్ళీ దొరక్కుండా పోయాయి. 1978లో రాచెస్టర్ నగరంలోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియంలో నిప్పంటుకొని మూడువందలకు పైగా చిత్రాల అసలు నెగెటివ్‌లు బూడిదయ్యాయి. ఒకసారి పోతే మరి రాదని తెలిసినవాడు ఉన్నదాన్ని జాగ్రత్త చేసుకుంటాడు.

ఇక మా ఇంటి సంగతి. మా సంఘ పెద్దగారి కుమారుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాత కార్టూన్లు సేకరించడం అతని సరదా. అక్కడి గ్రంథాలయాలు పాత డిస్కులు అమ్మేసినప్పుడు, వాడిన వస్తువుల కొట్లలోనూ వెదికి కొంటాడట. కిందటి క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, తన దగ్గర రెండేసి ఉన్నవాటిలో నుండి టామ్ అండ్ జెర్రీ స్పాట్‌లైట్ కలెక్షన్ మూడు పెట్టెలు మా పిల్లలకు బహుమానంగా తెచ్చాడు. 2004, 2005, 2007 సంవత్సరాల్లో వచ్చినవి. పెట్టెకు రెండేసి చొప్పున ఆరు డిస్కులు.

అంతకు ముందు మా ఇంట్లో ఒకే ఒక్క టామ్ అండ్ జెర్రీ డిస్కు ఉండేది. బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు మేమే కొన్నాము. అది దొంగ కాపీ అని తెలిసే కొన్నామని ఒప్పుకుంటున్నాము. రంగులు వెలిసిపోయి, పక్కలు కోసేసి, ఒక బొమ్మ మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు అసలు డిస్కు వేద్దామంటే మా ప్లేయరు తీసుకోలేదు. డివిడిలకు దేశాలవారీగా అంకెలుంటాయి. అమెరికాది ఒకటి, మనది అయిదు. ఒకటో నంబరు డిస్కు అయిదో నంబరు ప్లేయరులో ఆడదు. ఆ తమ్ముడే ఊరంతా తిరిగి, అన్ని నంబర్లూ ఆడే ప్లేయరు ఒకటి తెచ్చిపెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో నానమ్మతో సహా అందరమూ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుకున్నాము.

నెల తిరగలేదు, ఆరు డిస్కులలో ఒకటి కనబడలేదు.

మాకు మా పెద్దవాడి మీద అనుమానం వచ్చింది. వాడు తొమ్మిదో తరగతి. స్నేహితులకు ఇచ్చి ఉంటాడని గట్టిగా మందలించాము. వాడు తీయలేదని ఏడ్చాడు. మేము నమ్మలేదు. మూడు రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు మా శ్రీమతి సండే స్కూలు సామాను సర్దుతుండగా, ఫ్లానల్‌గ్రాఫ్ బొమ్మల సంచిలో, గొర్రెల బొమ్మలకూ జ్ఞానుల బొమ్మలకూ మధ్య ఆ డిస్కు దొరికింది. ఆ సంచి జోలికి వెళ్ళేది మా చిన్నమ్మాయి ఒక్కతే. నాలుగో తరగతి చదువుతోంది. ప్రతి ఆదివారం బొమ్మలు అందించే పని దానిదే.

పిలిచి అడిగాము. చాలాసేపు నోరు విప్పలేదు. చివరకు, "అందులో టామ్ ముఖం నల్లగా అయిపోతుంది డాడీ. అది వచ్చినప్పుడల్లా అన్నయ్య నావైపు చూసి నవ్వుతాడు" అంది.

మేము ఆ బొమ్మ మళ్ళీ వేసి చూశాము. టపాకాయ పేలుతుంది. పొగ తొలగేసరికి పిల్లి ముఖం బొగ్గులా నల్లబడి, పెదవులు లావై, జుట్టు చిన్న చిన్న జడలుగా నిలబడి ఉంటుంది. రెండు సెకన్లు కూడా ఉండదు. ఎన్నిసార్లు చూశామో, ఎన్నిసార్లు నవ్వామో లెక్కలేదు. అమెరికాలోని నల్లజాతివారిని ఎగతాళి చేసే పాత నాటకాల వేషమది. తెల్లవారు ముఖానికి మసి పూసుకొని ఆడేవారు. ఆ కాలపు కార్టూన్లలో అది మామూలు హాస్యం. మాకు ఆ చరిత్ర తెలియక నవ్వాము. మా బిడ్డకు కూడా ఆ చరిత్ర తెలియదు. అయినా ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో దానికి తెలిసిపోయింది.

మా ఇద్దరు పిల్లల్లో వాడికి వాళ్ళమ్మ రంగు వచ్చింది, దీనికి మా రంగు వచ్చింది. "తారుమారైంది, అబ్బాయి రంగు అమ్మాయికి వచ్చుంటే బాగుండేది" అని మా అమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొనే అంటుంది. ఒకసారి బంధువుల ఇంట పెళ్ళిలో ఎవరో ఆ మాట ఎత్తితే, "అవును, దీని పెళ్ళికి ఇప్పటినుంచే కూడబెట్టాలి" అని మేమే అన్నాము. అందరూ నవ్వారు. కట్నం తప్పని పుల్పిట్ మీద చెప్పే మేమే ఆ మాట అన్నాము. మా బిడ్డ అప్పుడు మా పక్కనే నిలబడి ఉంది. అన్నకు ఆ నవ్వు నేర్పింది డిస్కు ఒక్కటే కాదని ఆ రోజు గ్రహించాము.

మొదట, ఆ డిస్కును విరిచి పారేద్దామనుకున్నాము. డల్లాస్ తమ్ముడికి ఫోను చేసి సంగతి చెప్పాము. అతడు, "అయ్యగారూ, ఈ విషయం మీద అక్కడ సేకరించేవాళ్ళలో ఏళ్ళ తరబడి వాదన నడిచింది. పారేసేముందు అది వినండి" అని, ఆ బొమ్మలకు ఏమేమి చేశారో వివరంగా చెప్పాడు.

పాత బొమ్మల్లో ఇంటి పనిచేసే ఒక నల్లజాతి స్త్రీ వస్తుంది. ముఖం సరిగ్గా చూపించరు. ఆమెకు గొంతు ఇచ్చింది లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటి. 1952 తరువాత ఆ పాత్ర కనబడదు. 1960ల్లో టీవీలో వేసేటప్పుడు ఆ బొమ్మల్లో కొన్నింటిలో ఆమెను తీసేసి, ఆ చోట సన్నని తెల్ల స్త్రీని గీశారు, గొంతు కూడా మార్చారు. అంటే నల్లజాతి స్త్రీ అసలు ఆ ఇంట్లో లేనే లేదన్నట్టు చేశారు. 1990ల్లో మరో నటి థియా విడేల్‌తో మాటలు మళ్ళీ చెప్పించి, యాస మాత్రం మార్చారు. టపాకాయ పేలే చోట్ల కత్తెర వేశారు. చూసేవారికి పేలుడు వినబడుతుంది, ఆపైన ఏమైందో తెలియదు.

2005లో రెండో పెట్టె తెచ్చినప్పుడు కంపెనీ మరో దారి తొక్కింది. వూపీ గోల్డ్‌బర్గ్ అనే ప్రసిద్ధ నల్లజాతి నటి చేత ముందుమాట చెప్పించింది. ఈ బొమ్మల్లో ఆనాటి జాతి ద్వేషపు ఆనవాళ్ళున్నాయనీ, అవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పేననీ, వాటిని తుడిచేస్తే ఆ తప్పు ఎన్నడూ జరగనట్టే అవుతుందనీ ఆ మాటల సారాంశం. అయినా మొదట అమ్మిన డిస్కుల్లో కొన్ని బొమ్మలు మార్చినవే ఉన్నాయని సేకరించేవాళ్ళు పట్టుకున్నారు. కంపెనీ వేరే డిస్కులు ఇవ్వవలసి వచ్చింది. 2007లో మూడో పెట్టెలో 1948 నాటి 'మౌస్ క్లీనింగ్', 1951 నాటి 'కాసనోవా క్యాట్' అనే రెండింటిని పూర్తిగా వదిలేశారు. 2011లో 37 బొమ్మలతో బ్లూరే మొదటి భాగం వచ్చింది. 2013లో రావలసిన రెండో భాగంలో కూడా ఆ రెండూ లేవని తెలిసి కొనేవాళ్ళు గొడవచేస్తే, ఆ భాగాన్నే రద్దుచేశారు.

ఇదంతా విన్నాక మాకు మూడు దారులు కనబడ్డాయి. తప్పును చెరిపి దానిమీద వేరే బొమ్మ గీయడం ఒకటి. ముక్క కత్తిరించి ఊరుకోవడం రెండోది. ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన ఒకరు కూర్చొని ఇది తప్పు అని చెప్పడం మూడోది. మొదటి రెండూ తేలిక. మూడోదానికి మనిషి కావాలి.

పాస్టరుగా మేము రోజూ చదివే గ్రంథం గుర్తుకు వచ్చింది. అందులో దావీదు చేసిన పాపాన్ని ఎవరూ కత్తిరించలేదు. ఆయన రాజు, కీర్తనలు పాడినవాడు. పేతురు బొంకిన రాత్రి నాలుగు సువార్తలలోనూ ఉంది. అదంతా తీసేసి ఉంటే మనకు మంచి పేరున్న మనుషులే మిగిలేవారు, క్షమాపణ అంటే ఏమిటో తెలిసేది కాదు. డిస్కు విషయంలో కత్తెర పట్టుకోబోయిన మేము, మా మాట విషయంలో కూడా అదే చేస్తున్నాము. ఆ పెళ్ళిలో అన్న మాట ఎవరికీ గుర్తులేదులే అనుకున్నాము.

ఆ శనివారం రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టాము. ముందు పెద్దవాడితో, "నువ్వు తీయలేదని చెప్పినా నమ్మలేదు. మాదే తప్పు" అన్నాము. వాడు తల వంచుకున్నాడు. తరువాత చిన్నమ్మాయితో ఆ పెళ్ళిలో అన్న మాటను మళ్ళీ ఎత్తి, "అది అనకూడని మాట. నీ రంగు మా రంగే. మా రంగును చూసి మేమే నవ్వుకున్నాము" అని చెప్పాము. మా అమ్మ వింటూనే ఉంది, ఏమీ అనలేదు.

ఆ తరువాత ఆ డిస్కు వేశాము. ఆ చోటుకు రాగానే ఆపి, ఆ వేషం ఎక్కడిదో చెప్పాము. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది సినిమాహాళ్ళలో నల్లజాతివారిని పైన వేరే బాల్కనీలో కూర్చోబెట్టేవారనీ, అలా కూర్చొన్నవారి ముందే తెరమీద ఈ హాస్యం నడిచేదనీ చెప్పాము. అక్కడ కూర్చొన్న పిల్లలు ఏమనుకొని ఉంటారని అడిగాము. పెద్దవాడు జవాబు చెప్పలేదు. చిన్నమ్మాయి అడిగింది: "గీసినవాళ్ళకు తప్పని తెలియదా డాడీ?"

"చెప్పినవాళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నారమ్మా. 1909 నుండి అక్కడ నల్లజాతివారి హక్కుల సంఘం ఒకటి ఉంది. సినిమాల్లో ఇటువంటివి వద్దని వాళ్ళు పోరాడారు. వినవలసినవాళ్ళు చాలాకాలం వినలేదు" అన్నాము.

"మరి మీకు కూడా తెలియదా?" అంది.

ఇన్నేళ్ళుగా ఎందరో అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చాము. ఈ ప్రశ్నకు మాత్రం, "తెలుసమ్మా, తెలిసే అన్నాము" అని తప్ప వేరే మాట రాలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ ఇంట్లో పాత బొమ్మలుంటే పారేయమని మేము చెప్పము. అంత శ్రమపడి గీసిన నవ్వును పిల్లలకు చూపించండి. అయితే పిల్లలను దానిముందు కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్ళిపోవద్దు. మొదటిసారి మీరు కూడా పక్కన కూర్చోండి. పిల్లవాడు ఎక్కడ నవ్వుతున్నాడో, ఎవరివైపు చూసి నవ్వుతున్నాడో గమనించండి. తెరమీద పిల్లికి పెనంతో దెబ్బ తగిలితే వచ్చే నవ్వు వేరు, పక్కనున్నవారిని చూసి నవ్వే నవ్వు వేరు. ఆ రెండోది వచ్చినచోట ఆపి మాట్లాడండి. తెలియకపోతే తెలుసుకొని చెప్పండి. ఫోనులో అడిగిందల్లా దొరికే ఈ రోజుల్లో కూడా, పక్కన కూర్చొని చెప్పే మనిషి దొరకడం కష్టమే.

డిస్కులు దాచుకునేవారికి ఒక చిన్న మాట. మెరిసేవైపు వేళ్ళు పెట్టవద్దు, అంచులు పట్టుకోండి. దుమ్ము పడితే మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. ఎండ తగలనివ్వక, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. పెళ్ళి క్యాసెట్లు, ఆరాధన క్యాసెట్లు ఇంకా ఉన్నవారు వాటికి తేమ తగలనివ్వవద్దు. తేమకు లోపలి టేపు బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ప్లేయరులో వేస్తే మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. ముందే డిస్కులోకో కంప్యూటరులోకో ఎక్కించుకోవడం మంచిది.

మా ఆరు డిస్కులూ ఇప్పుడు వరుసగానే ఉన్నాయి. అంతా చక్కబడిందని మాత్రం చెప్పలేము. మా అమ్మకు ఎనభై దాటాయి. ఇంటికి ఎవరైనా వస్తే అలవాటుగా "తారుమారైంది" అని మొదలుపెడుతుంది. కిందటి వారం అలా మొదలుపెట్టగానే, లోపల హోంవర్కు చేసుకుంటున్న మా పెద్దవాడు తల ఎత్తకుండానే, "నానమ్మా, ఆ మాట వద్దు" అన్నాడు. చిన్నమ్మాయి ఆ సమయంలో వాడి పక్కనే కూర్చొని రంగులు వేసుకుంటోంది.

వచ్చే నెల మరల కలుసుకుందాము. అంతవరకు ప్రభువు మిమ్మును కాపాడును గాక.